ఇంటి నుంచే ప్రాక్టీసు: గది ఎలా సర్దుకున్నారు? (ఒడిశాలో రాయగడ, గజపతి, గంజాం వైపు లాయర్లు చెప్పండి, మహారాష్ట్ర సరిహద్దు వాళ్ళు కూడా)

వంశధార_జూనియర్

నాన్నకి ఒంట్లో బాగోక భువనేశ్వర్ నుంచి గుణుపురం వచ్చేశాను. సీనియర్ గారు డ్రాఫ్టింగ్ అంతా ఇంటి నుంచే చెయ్యమన్నారు, హైకోర్టులో చిన్న మేటర్లకి వీసీలో (వీడియో కాన్ఫరెన్సులో) నన్నే నిలబడమంటున్నారు. ఇక్కడి సివిల్ కోర్టులో కూడా మెల్లగా మొదలుపెట్టాలనుంది. మాది పాత ఇల్లు. వీధి గది, నడిమి గది, వంటిల్లు, పెరడు అన్నీ ఒకే వరసలో ఉంటాయి. నడిమి గది నాకిచ్చారు. పెరట్లోకి వెళ్ళాలంటే అందరూ దాంట్లోంచే నడవాలి. తలుపు లేదు, కర్టెన్ ఉంది.

చేతిలో 60 వేలు ఉన్నాయి. అమ్మ మంచి కుర్చీ, బల్ల కొనుక్కోమంటోంది. తమ్ముడు కొత్త ల్యాప్‌టాప్ అంటున్నాడు. సీనియర్ గారు స్కానర్ లేకుండా ఏ పనీ కాదంటున్నారు. మొన్న వాదన మధ్యలో కరెంటు పోయి రూటర్ ఆగిపోయింది, మళ్ళీ లోపలికి వచ్చేసరికి మా మేటర్ పాస్ ఓవర్ అయిపోయింది, అంటే పక్కన పెట్టి తర్వాతిది పిలిచేశారు. అప్పటి నుంచి లింకు నొక్కాలంటేనే టెన్షన్. ముందు దేని మీద ఖర్చు పెట్టాలి?

బరంపురం_సివిల్

ముందు తలుపు పెట్టించమ్మా. మిగతావి తర్వాత.

సుప్రీంకోర్టు ఈ-కమిటీ తయారుచేసిన నమూనా వీసీ నియమాలు ఒకసారి చదువు. మనం కూర్చునే చోటుని అందులో రిమోట్ పాయింట్ అంటారు. అక్కడ ఏమేం ఉండాలో రాశారు: కంప్యూటర్, ప్రింటర్, కరెంటు పోయినా ఆగకుండా చూసే పరికరం, కెమెరా, మైకు, స్పీకర్లు, వెలుతురు, కూర్చోడానికి సరైన ఏర్పాటు. దాంతోపాటు నిశ్శబ్దంగా, భద్రంగా ఉండే చోటు కూడా కావాలన్నారు. మిగిలినవన్నీ బజార్లో దొరుకుతాయి, ఆ చివరిది ఇంట్లో వాళ్ళతో మాట్లాడి సాధించుకోవలసిందే.

సిరొంచ_వకీలు

సార్ చెప్పింది నిజమే కానీ కరెంటు లేకపోతే తలుపు వేసుకుని చీకట్లో కూర్చోవాలి. నా ఓటు ఇన్వర్టర్‌కి.

మాది గడ్చిరోలి జిల్లా చివర, ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు. అవతలి ఒడ్డున కాళేశ్వరం. జిల్లా కోర్టుకి పోవాలంటే దాదాపు 200 కిలోమీటర్లు, వానాకాలంలో ఆలపల్లి రోడ్డు ఎట్లుంటదో ఆ దారిన పోయినోళ్ళకే ఎరుక. బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి ఇంకా దూరం. అందుకే వీసీ మాకు సౌకర్యం కాదు, అవసరం.

లెక్క ఇట్ల వేసుకోండి. ల్యాప్‌టాప్ 65 వాట్లు, రూటర్, ఫైబర్ డబ్బా కలిపి 20, ఎల్‌ఈడీ లైటు 15, మామూలు ఫ్యాను 75. మొత్తం 175 అనుకోండి. 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ, 12 వోల్టులు అంటే కాగితం మీద 1800 వాట్ అవర్లు. బ్యాటరీని అడుగంటా తాగించకూడదు, ఇన్వర్టర్ కొంత తింటది, కాబట్టి 1000, 1100 చేతికి వస్తాయనుకోండి. ఆరు గంటలు నడుస్తది. ఫ్యాను బీఎల్‌డీసీ పెడితే 30 వాట్లే, ఇంకా ఎక్కువసేపు వస్తది. ఇన్వర్టర్, బ్యాటరీ కలిపి 20 నుంచి 25 వేలు అయితది. లేజర్ ప్రింటర్ మాత్రం దాని మీద పెట్టకండి, వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా గుంజుతది.

వంశధార_జూనియర్

ఇన్వర్టర్ మారేటప్పుడు రూటర్ ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలవ్వడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది కదా అన్నా? నాకు జరిగింది అదే.

సిరొంచ_వకీలు

మంచిగ అడిగినవ్ చెల్లీ. ఇన్వర్టర్‌ని యూపీఎస్ మోడ్‌లో (కరెంటు పోయిన వెంటనే బ్యాటరీకి మారే పద్ధతిలో) పెట్టు, వెనుక స్విచ్ ఉంటది. దానికి తోడు రూటర్‌కి వేరే చిన్న డీసీ యూపీఎస్ దొరుకుతది, అరచేతిలో పట్టేంత డబ్బా. రూటర్‌కి ఒకటి, ఫైబర్ డబ్బాకి ఒకటి, లేదంటే రెండు పిన్నులున్నది ఒకటే తీసుకో. వోల్టేజీ మాత్రం రూటర్ కింద రాసినదానికి సరిపోవాలి, కొన్ని 9, కొన్ని 12. ఇన్వర్టర్ కొనే డబ్బు ఇప్పుడే లేకపోయినా ఇదైతే వెంటనే కొను, వెయ్యి రెండు వేలల్లో అయిపోతది.

జయపురం_బెయిల్

తమ్ముడి మాట వినొద్దు. కొత్త ల్యాప్‌టాప్ అక్కర్లేదు. ఉన్నదాంట్లో హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయించి 16 జీబీ ర్యామ్ పెడితే పీడీఎఫ్‌లు, వీసీ హాయిగా నడుస్తాయి. మిగిలిన డబ్బుతో 24 అంగుళాల మానిటర్ కొనుక్కో. ఒక తెర మీద జడ్జిగారు, ఇంకో తెర మీద పేపర్ బుక్ (కేసు కాగితాల కట్ట). పేజీ నంబరు అడిగినప్పుడు కిటికీలు మార్చుకుంటూ వెతుక్కునే బాధ ఉండదు.

నాగావళి

నేను రాయగడ నుంచి, ఫ్యామిలీ కేసులు ఎక్కువ చూస్తాను. కరెంటు, ల్యాప్‌టాప్ గురించి అందరూ చెప్తారు, నేను వేరే సంగతి చెప్తాను.

నీ దగ్గరికి విడాకుల కోసమో మెయింటెనెన్స్ కోసమో ఒకామె వస్తుంది. గుణుపురం చిన్న ఊరు. ఆమె మీ అమ్మగారికి తెలిసినామె కూతురే అయి ఉంటుంది. నడిమి గదిలో కర్టెన్ వెనక కూర్చుని ఆమె తన కాపురం గురించి చెప్పుకోగలదా? వంటింట్లో గిన్నె చప్పుడు వినిపించిందంటే తన మాటలూ అక్కడికి వినిపిస్తాయని ఆమెకి అర్థమైపోతుంది. అసలు విషయం దాచేసి సగమే చెప్తుంది. ఆ సగంతో నువ్వు పిటిషన్ రాస్తావు. క్రాస్‌లో (ఆమెని సాక్షిగా ఎదురు ప్రశ్నలు వేసేటప్పుడు) మిగతా సగం అవతలి లాయరు బయటపెడతాడు.

అందుకని నడిమి గది వద్దు. వీధి గది అడుగు. ఇంట్లో వాళ్ళకి ఇబ్బందే, అయినా అడుగు. వీధి గదికి బయటి తలుపు విడిగా ఉంటుంది, వచ్చినవాళ్ళు ఇంట్లోకి రానక్కర్లేదు. నడిమి గదికి, దానికి మధ్య తలుపు పెట్టించు. మా అత్తగారు మొదట్లో గొడవపడ్డారు, చుట్టాలొస్తే ఎక్కడ కూర్చోబెడతామని. ఇప్పుడు మా ఇంట్లో చుట్టాలు నడిమి గదిలోనే కూర్చుంటున్నారు, ఎవరికీ ఏమీ కాలేదు.

బరంపురం_సివిల్

నాగావళి గారి మాటకి చట్టం కూడా తోడుంది. భారతీయ సాక్ష్య అధినియం 2023లో సెక్షన్ 132, పాత ఎవిడెన్స్ చట్టంలో 126, 127. కక్షిదారు మనకి చెప్పింది అతని అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. ఆ నిబంధన దుబాసీకి, లాయరు దగ్గర పనిచేసే గుమాస్తాకి, ఉద్యోగులకి కూడా వర్తిస్తుందని అక్కడే ఉంది. ఇంట్లో వాళ్ళ ప్రస్తావన అందులో లేదు. పక్కగదిలో బావగారు విన్నది రేపు ఎక్కడ ఎలా తేలుతుందో ఎవరూ చెప్పలేరు.

ధర్మాబాద్_మిర్చి

దీనికి తోడు ఇంకొకటి. ఇంటి భద్రత కోసం వీధి గదిలో సీసీ కెమెరా పెట్టుకునేవాళ్ళు ఉన్నారు, మాటలు కూడా రికార్డయ్యే రకం. ఫుటేజీ అన్నయ్య ఫోన్‌లో, బావమరిది ఫోన్‌లో. కక్షిదారు కూర్చునే గదిలో అది ఉండకూడదు. పైగా అనుమతి లేకుండా కోర్టు విచారణ రికార్డు చెయ్యకూడదని వీసీ నియమాల్లో స్పష్టంగా ఉంది, మీ గోడ మీది కెమెరా రోజూ అదే పని చేస్తుంటుంది. పాట పెట్టమంటే పెట్టే స్పీకర్లు కూడా పక్కగదికి మార్చండి.

జయపురం_బెయిల్

ఇది నేను ఎప్పుడూ ఆలోచించలేదు. ఇప్పుడే లేచి మా వరండా కెమెరా ఎటు చూస్తోందో చూసొచ్చాను. గేటు వైపే ఉంది, బతికాం.

మహేంద్రగిరి_సీనియర్

అందరూ పరికరాల గురించే మాట్లాడుతున్నారు. నాకు ఈ ఇంటి ప్రాక్టీసు మీదే నమ్మకం లేదు. జూనియర్ అన్నవాడు కోర్టు హాల్లో వెనక బెంచీలో కూర్చుని వినాలి. సాక్షి తడబడినప్పుడు జడ్జిగారి ముఖం చూడాలి. ఏ ప్రశ్న దగ్గర ఆపాలో అక్కడే తెలుస్తుంది. బార్ రూమ్‌లో టీ తాగుతూ నేర్చుకున్నది ఏ పుస్తకంలోనూ లేదు. ఇంట్లో కుర్చీ ఎంత మెత్తగా ఉంటే అంత నష్టం.

నాగావళి

గురువుగారూ, మీ మాట కాదనను. కానీ ఆ అమ్మాయి తండ్రికి బాగోలేదని మొదటి లైన్‌లోనే రాసింది. నేను పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఇంట్లోంచి డ్రాఫ్టింగ్ చెయ్యకపోయి ఉంటే ఈపాటికి వృత్తి వదిలేసేదాన్ని. మాతో ఎన్‌రోల్ అయిన ఆడవాళ్ళలో చాలామంది అలాగే వదిలేశారు.

జయపురం_బెయిల్

ఇంకోటి సార్. మా దగ్గర్నుంచి హైకోర్టు ఉన్న కటక్ అంటే ఒక రాత్రి ప్రయాణం. ఒక్క బెయిల్ మెన్షనింగ్ (కేసు త్వరగా వినమని జడ్జిగారిని అడగడం) కోసం కక్షిదారు మన బస్సు టికెట్, లాడ్జి, భోజనం అన్నీ భరించాలి. ఒరిస్సా హైకోర్టు 2023 ఫిబ్రవరిలో 10 జిల్లాల్లో, మేలో మరో 10 జిల్లాల్లో వర్చువల్ హైకోర్టులు మొదలుపెట్టింది కదా. ఏజెన్సీ గ్రామం నుంచి వచ్చినవాడికి తన లాయరు తన జిల్లాలోనే కూర్చుని హైకోర్టుతో మాట్లాడుతుంటే పక్కన నిలబడి వినే అవకాశం వచ్చింది. ఇది చిన్న విషయం కాదు.

మహేంద్రగిరి_సీనియర్

హైకోర్టు మెన్షనింగ్‌కి, వాదనలకి ఒప్పుకుంటాను. ట్రయల్‌కి ఒప్పుకోను. సాక్షిని తెర మీద క్రాస్ చేస్తే కెమెరాకి అవతల ఎవరు నిలబడి సైగ చేస్తున్నారో నీకెలా తెలుస్తుంది?

బరంపురం_సివిల్

అందుకే సాక్షి దగ్గర కోఆర్డినేటర్ (అక్కడి ఏర్పాట్లు చూసే మనిషి) ఉండాలని వీసీ నియమాల్లో అన్నారు. అయినా ముఖ్యమైన సాక్షి అయితే నేనూ నేరుగానే క్రాస్ చేస్తాను, అందులో మీతోనే ఉన్నాను. అమ్మాయి వారంలో కొన్ని రోజులు గుణుపురం కోర్టుకి వెళ్ళి కూర్చోవాలి. డ్రాఫ్టింగ్, హైకోర్టు వీసీ ఇంట్లోంచి. రెండూ కలిపితేనే ప్రాక్టీసు నిలుస్తుంది.

వంశధార_జూనియర్

మహేంద్రగిరి సీనియర్ గారు చెప్పింది నా మనసులోనూ ఉంది సార్. ఉదయం కోర్టు, మధ్యాహ్నం నాన్న మందుల టైముకి ఇంటికి, సాయంత్రం డ్రాఫ్టింగ్ అనుకుంటున్నాను. వీధి గది గురించి ఈరోజే అమ్మతో మాట్లాడాను. టీవీ ఎక్కడ పెట్టాలన్నదే ఆవిడ బాధ.

పర్లాకిమిడి_దస్తావేజు

స్కానర్ గురించి ఎవరూ సరిగ్గా చెప్పలేదు, కాబట్టి కాస్త పెద్దగా రాస్తున్నాను. మన సరిహద్దు లాయర్లకి ఇది వేరే ఊళ్ళ వాళ్ళకి లేని అవసరం.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రం అయ్యేదాకా మన గంజాం, పర్లాకిమిడి, కొరాపుట్ వైపంతా మద్రాసు ప్రెసిడెన్సీ. ఆ కాలపు అమ్మకం దస్తావేజులు, భాగపంపకాల కాగితాలు ఇప్పటికీ టైటిల్ దావాల్లో వస్తూనే ఉంటాయి. వాటిలో చాలా భాగం తెలుగులోనే ఉంటాయి, అదీ గొలుసుకట్టు రాతలో. చెక్కుబందీలు (భూమి ఎల్లలు) చదవాలంటే భూతద్దం కావాలి. కాగితం మడతల దగ్గర విరిగిపోతుంటుంది. అలాంటిదాన్ని పైన పేపర్లు పెడితే లాక్కునే స్కానర్‌లో పెట్టారంటే పని అయిపోయినట్టే. అద్దం పలక ఉన్న ఫ్లాట్‌బెడ్ కొనండి. దస్తావేజులు సాధారణంగా ఏ4 కన్నా పొడుగు, లీగల్ సైజు పట్టేది దొరికితే మంచిది, లేకపోతే రెండు ముక్కలుగా స్కాన్ చేసి రెండో దాంట్లో కొంత భాగం మళ్ళీ వచ్చేలా చూడండి.

ఫైలింగ్‌కి 300 డీపీఐ చాలు. పాత దస్తావేజుని మాత్రం నేను 600లో, రంగుల్లో స్కాన్ చేసి విడిగా దాస్తాను. నలుపు తెలుపులో సిరా వెలిసిపోయిన చోట అక్షరమే మాయమైపోతుంది, వెనకవైపు స్టాంపు వెండర్ రాసిన తేదీ కూడా. వెనక పేజీ ఖాళీగా కనిపించినా స్కాన్ చెయ్యాలి.

లామినేషన్ ఎవరైనా చేయిస్తామంటే ఒప్పుకోవద్దు. అసలు పత్రాన్ని ప్లాస్టిక్‌లో ఉడికించేస్తే రేపు చేతిరాత నిపుణుడికి పంపాల్సి వస్తే ఏం చేస్తారు?

అసలు పత్రాలు ఇంట్లో ఉంచుకోవద్దు. స్కాన్ చేసి, కక్షిదారు చేత అందినట్టు సంతకం తీసుకుని, తిరిగి ఇచ్చెయ్యాలి. ఫీజు బాకీ ఉందని కాగితాలు పట్టుకుని కూర్చునే హక్కు లాయరుకి లేదని 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది. మనింట్లో చెదలు పట్టినా, వాన నీళ్ళు వచ్చినా ఆ పాపం మనదే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు గజపతి జిల్లాలో కొండలే జారాయి, బీరువా ఎంత.

వంశధార_జూనియర్

అంకుల్, ఇది ప్రింట్ తీసి పెట్టుకుంటాను. ఒక సందేహం. గొలుసుకట్టు నాకు పట్టుబడటం లేదు, ముక్కలు ముక్కలుగానే అర్థమవుతోంది. ఎవరి దగ్గర నేర్చుకోవాలి?

పర్లాకిమిడి_దస్తావేజు

మీ ఊళ్ళో పాత దస్తావేజు లేఖరి కుటుంబం ఎవరైనా ఉంటారు, వెతుకు. ఒకే లేఖరి రాసిన నాలుగైదు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని చదువు. మొదట్లో వచ్చే మాటలన్నీ ఒకేలా ఉంటాయి, అక్కడ అతని చేతివాటం తెలిసిపోతుంది. తర్వాత పేర్లు, ఎల్లలు వాటంతటవే విడిపోతాయి. ఇంట్లో పెద్దవాళ్ళకి చూపిస్తే కూడా చదువుతారు, పేర్లు కనపడకుండా మూసి చూపించు, కక్షిదారు విషయం కదా.

ధర్మాబాద్_మిర్చి

మీకు తెలుగు, మాకు ఉర్దూ. నాందేడ్ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉంది కాబట్టి బిలోలి, దెగ్లూర్, ధర్మాబాద్ పాత భూమి కాగితాలు ఉర్దూలో వస్తాయి, ఎప్పుడైనా మోడీ లిపి (మరాఠీ పాత రాత) కూడా. కక్షిదారు మాట్లాడేది తెలుగు, సాత్ బారా (భూమి రికార్డు) మరాఠీలో, పై కోర్టుకి అనువాదం ఇంగ్లీషులో. అందుకే నేను ఫోల్డర్లు ఇలా పెడతాను: అసలు స్కాన్ ఒకటి, అచ్చు వేసిన పాఠం ఒకటి, అనువాదం ఒకటి. మూడింటికీ ఒకటే పేరు, ముందు కేసు నంబరు, సంవత్సరం. దాఖలు చేసేటప్పుడు వెతుకులాట ఉండదు.

ఫాంట్ గురించి కూడా చెప్పాలి. పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన మరాఠీ, ఒడియా ఫైళ్ళు తెర మీద బాగానే కనిపిస్తాయి, కానీ వెతికితే ఒక్క మాట దొరకదు, ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు. ఈ-ఫైలింగ్‌కి వెతకగలిగే పీడీఎఫ్ కావాలంటారు. యూనికోడ్‌లో టైపు చేసే మనిషినే పెట్టుకోండి, లేదా మీరే నేర్చుకోండి.

కొత్త_వకీలు_బల్లార్‌పూర్

మధ్యలో వచ్చాను, క్షమించాలి. నా సమస్య వేరే. ఇంటి గోడకి అడ్వకేట్ అని చిన్న బోర్డు పెట్టాను. మీటరు రీడింగు తీసే అతను చూసి కనెక్షన్ కమర్షియల్‌కి మార్చుకోవాలన్నాడు. బోర్డు తీసెయ్యనా?

జయపురం_బెయిల్

తియ్యకు. లాయరు వృత్తి వ్యాపారం కాదు. 1963లో మీ నాగపూర్ బెంచే ఖేర్డేకర్ కేసులో చెప్పింది, 1984లో శశిధరన్ కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

బరంపురం_సివిల్

తమ్ముడూ, ఆ రెండూ షాపులు, వాణిజ్య సంస్థల చట్టం మీద వచ్చిన తీర్పులు. లాయరు ఆఫీసు ఆ చట్టం కిందికి రాదన్నారు. కరెంటు టారిఫ్ వేరే సంగతి, అది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ఉత్తర్వు బట్టి ఉంటుంది. ఆ తీర్పులు పట్టుకుని కరెంటు ఆఫీసుకి వెళ్తే గుమాస్తా ముందే ఓడిపోతారు.

సిరొంచ_వకీలు

మహారాష్ట్ర టారిఫ్ ఉత్తర్వులో గృహ వినియోగం కింద ఎవరెవరు వస్తారో రాసిన చోట, తమ ఇంట్లోనే వృత్తి పని చేసుకునే లాయర్లు, డాక్టర్లు లాంటి వాళ్ళని కూడా చేర్చారు. ఆ పేజీ ప్రింట్ తీసి, ఇల్లు నివాసానికే వాడుతున్నామని ఒక దరఖాస్తుతో ఇవ్వండి, రసీదు తీసుకోండి. ఒడిశా వాళ్ళు మీ ఉత్తర్వు మీరు చూసుకోవాలి.

బోర్డు సైజు మాత్రం మితంగా ఉండాలి. బార్ కౌన్సిల్ నియమం 36. మాజీ ఫలానా, ఫలానా కేసుల్లో నిపుణుడు అని రాయకూడదు.

కొత్త_వకీలు_బల్లార్‌పూర్

ధన్యవాదాలు అన్నా. ఆన్‌లైన్‌లో పేజీ పెట్టుకుంటే కక్షిదారులు వస్తారని ఒకరు అంటున్నారు, ఇంట్లో కూర్చున్నవాడికి వేరే దారి ఏముంది?

మహేంద్రగిరి_సీనియర్

అదే నియమం అక్కడా వర్తిస్తుంది. 2008లో సడలించి వెబ్‌సైట్‌లో పేరు, చిరునామా, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, చదువు, ప్రాక్టీసు చేసే రంగం లాంటి వివరాలకే ఒప్పుకున్నారు. గెలిచిన కేసుల వీడియోలు పెట్టుకోవడం ప్రకటన కిందే వస్తుంది. ఒక కక్షిదారు పని శ్రద్ధగా చెయ్యి నాయనా, సంతలో అతనే పదిమందికి చెప్తాడు.

నాగావళి

వేళల గురించి కూడా చెప్పాలి. ఇంట్లో ఆఫీసు అంటే కక్షిదారులు పొద్దున్న పాలవాడి కన్నా ముందు వస్తారు. పాపం వాళ్ళు మొదటి బస్సు పట్టుకుని వస్తారు, తప్పు పట్టలేం. అందుకే వసారాలో ఒక బెంచీ, మంచినీళ్ళు, ఒక ఫ్యాను పెట్టు. గోడ మీద వేళలు ఒడియాలో, తెలుగులో రాసి పెట్టు. ఆదివారం మూసెయ్యి, మొహమాటపడితే ఆ రోజు కూడా పోతుంది. మగ కక్షిదారులు సాయంత్రం పొద్దుపోయాక వస్తామంటే నేను ఒప్పుకోను, లేదా మా ఆయనో గుమాస్తానో పక్కగదిలో ఉన్నప్పుడే.

సిరొంచ_వకీలు

ఇంటర్నెట్ గురించి ఎవరూ చెప్పలేదు. వీసీకి పెద్ద స్పీడు అక్కర్లేదు, అప్‌లోడు నిలకడగా 2 ఎంబీపీఎస్ ఉంటే చాలు. వైఫై వద్దు, రూటర్ నుంచి కేబుల్ గుంజి ల్యాప్‌టాప్‌కి పెట్టు. రెండో దారిగా వేరే కంపెనీ సిమ్ ఫోన్‌లో సిద్ధంగా ఉండాలి, అదే లింకుని ఫోన్‌లో ముందే తెరిచి పెట్టుకో. ఫైబర్ తెగితే ఆ రోజు ఎవరూ రారు, మా దగ్గరైతే వాన తగ్గేదాక రారు. కోర్టు మాస్టర్ (కోర్టు హాల్లో కేసుల పని చూసే ఉద్యోగి) నంబరు కాగితం మీద రాసి గోడకి అంటించు.

బరంపురం_సివిల్

పండగ రోజులు కూడా లెక్కలో పెట్టుకో. మాకు ఠాకురాణీ యాత్ర జరిగే రోజుల్లో ఏ హెడ్‌సెట్ పెట్టినా లాభం లేదు, డప్పులు మైకులోంచి జడ్జిగారి దాకా వెళ్తాయి. ఆ రోజుల్లో మేటర్ ఉంటే కోర్టు ఆవరణలో ఈ-సేవా కేంద్రంలో ముందే అడిగి కూర్చుంటాను. మామూలు రోజులకి వైరు ఉన్న హెడ్‌సెట్ తీసుకో, చార్జింగ్ అయిపోయే గోల ఉండదు. కిటికీకి ఎదురుగా కూర్చో, వెనక్కి కిటికీ వస్తే ముఖం నల్లగా కనిపిస్తుంది. బ్యాండు, కోటు కుర్చీకే తగిలించి ఉంచు. 2020 ఏప్రిల్‌లో రాజస్థాన్ హైకోర్టులో ఒక లాయరు బనియన్‌తో తెర మీదికి వస్తే కోర్టు బెయిల్ విచారణే వాయిదా వేసింది, జైల్లో ఉన్నవాడు ఏం చేశాడు పాపం.

ధర్మాబాద్_మిర్చి

ఖర్చుల లెక్క గురించి. లాయరు వసూళ్ళు ఏడాదికి 50 లక్షల లోపు అయితే ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 44ఏడీఏ కింద వాటిలో కనీసం సగం ఆదాయంగా చూపించి పన్ను కట్టొచ్చు. అలా చేస్తే కుర్చీకీ ఇన్వర్టర్‌కీ మళ్ళీ విడిగా తరుగుదల అడగలేరు, ఆ మిగతా సగంలోనే అన్నీ కలిసిపోతాయి. జూనియర్లకి ఇదే తేలిక. కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ నంబరు మారింది, రిటర్ను వేసేటప్పుడు చూసుకోండి. ఏదైనా బిల్లులు దాచండి.

జయపురం_బెయిల్

తమ్ముడు ల్యాప్‌టాప్ వాడతాడా? వాడితే వాడికి వేరే యూజర్ అకౌంటు పెట్టు, డిస్కుకి ఎన్‌క్రిప్షన్ పెట్టు. కాపీ ఒకటి బయటి డ్రైవ్‌లో, ఆ డ్రైవ్ ఇంట్లో కాకుండా వేరే చోట. వాట్సాప్‌లో కక్షిదారులు పంపిన ఫోటోలు, ఆడియోలు గ్యాలరీలో పడకుండా సెట్టింగు మార్చు. వాటిని సాక్ష్యంగా వాడాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువ (ఫైలుకి వేలిముద్ర లాంటి కోడు) రాయాలి, కాబట్టి వచ్చిన ఫైలుని కత్తిరించకుండా, పేరు మార్చడం తప్ప ఇంకేమీ చెయ్యకుండా అలాగే దాచు. అసలు ఫోన్ కక్షిదారు దగ్గరే భద్రంగా ఉంచమను.

వంశధార_జూనియర్

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. అమ్మ ఒప్పుకుంది, వీధి గది నాదే. టీవీ నడిమి గదిలోకి వెళ్తుంది, నాన్న మంచం పక్కనే, ఆయనకీ అదే ఇష్టమట. నా లెక్క ఇది: మధ్య తలుపు, గొళ్ళెం, వడ్రంగి కూలి కలిపి 8 వేలు. ఇన్వర్టర్, బ్యాటరీ 24 వేలు. రూటర్ యూపీఎస్ 2 వేలు. ఫ్లాట్‌బెడ్ 6 వేలు, ఏ4దే, లీగల్ సైజుది నా అందుబాటులో లేదు. ల్యాప్‌టాప్‌కి ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ 7 వేలు. హెడ్‌సెట్ ఒక వెయ్యి. కుర్చీ 6 వేలు. మిగిలిన 6 వేలల్లో వసారా బెంచీ, బయటి డ్రైవ్. మానిటర్ మొదటి ఫీజు వచ్చాక. ప్రింట్లు ప్రస్తుతానికి కోర్టు దగ్గరి షాపులోనే.

మహేంద్రగిరి_సీనియర్

ప్రింట్ల కోసం షాపుకి వెళ్తే నీ పిటిషన్ వాళ్ళ కంప్యూటర్‌లో ఉండిపోతుంది, పెన్‌డ్రైవ్‌లోంచే ప్రింట్ ఇప్పించి, అక్కడే నిలబడి, ఏమీ కాపీ అవ్వలేదని చూసుకుని రా. కుదిరితే మానిటర్ కన్నా ముందు చిన్న లేజర్ ప్రింటర్ కొను. సోమవారం మీ కోర్టులో నా పాత విద్యార్థి ఒకతను సివిల్ దావాలో క్రాస్ చేస్తున్నాడు, వెళ్ళి వెనక బెంచీలో కూర్చో. నా పేరు చెప్పు, అతని నంబరు నీకు విడిగా పంపిస్తాను.

వంశధార_జూనియర్

తప్పకుండా వెళ్తాను సార్. లేజర్ ప్రింటర్ జాబితాలో పైకి వచ్చింది.

సిరొంచ_వకీలు

చెల్లీ, ఇన్వర్టర్ పెట్టేటోడు వచ్చినప్పుడు ఎర్తింగ్ చూపించమను, పాత ఇళ్ళల్లో చాలావాటికి ఉండదు. ఉరుములప్పుడు ప్లగ్గులు పీకి బ్యాటరీ మీద నడుపు. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరే పోయాలి, బోరు నీళ్ళు పోస్తే పాడైతది.